కొత్త ముల్లు, పాత లెక్క

మా మరిది అబద్ధాలాడడు. ఆ మాట నేను ఎవరి ముందైనా చెప్తాను. కాకపోతే వాడు చెప్పినదాంట్లోంచి ఎంత తీసెయ్యాలో, దానికి ఎంత కలుపుకోవాలో తెలిసినవాళ్ళే వాడితో వేగగలరు. "అయిదు నిమిషాల్లో వచ్చేస్తా" అన్నాడంటే అరగంట. "కాస్త ఒళ్ళు వెచ్చగా ఉంది" అన్నాడంటే బీరువాలోంచి దుప్పట్లు రెండు తియ్యాలి. "నిన్న డాక్టరుగారూ నేనూ మాట్లాడుకున్నాం" అన్నాడంటే డాక్టరుగారు ఎవరితోనో మాట్లాడారు, వీడు తలుపు పక్కన నిలబడి విన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని వాడూ వీడూ అంటున్నానేమిటి అనుకోవద్దు. నేను కాపురానికి వచ్చిననాడు వీడు ఒక కాలికే చెప్పు వేసుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. రెండోదేదిరా అంటే "అయిదు నిమిషాల్లో దొరుకుతుంది" అన్నాడు. ఆ చెప్పు ఇంతవరకూ దొరకలేదు.

పంతొమ్మిదేళ్ళుగా వాడు ఆసుపత్రి వ్యాను నడుపుతున్నాడు. బయట అంబులెన్సు అని చెప్పుకుంటాడు. మీరు అందులోంచి సైరనూ, తొందరా తీసెయ్యండి. కిడ్నీలు పాడైనవాళ్ళని వారానికి మూడుసార్లు ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, రక్తం శుభ్రం చేసే మెషిను దగ్గరికి చేర్చి, నాలుగు గంటలయ్యాక మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపే బండి అది. ఆరుగురు ఎక్కుతారు. అందులో మా ఆడపడుచు ఒకతి, అంటే వాడి సొంత అక్క. ఆవిడ నా దగ్గరే ఉంటుంది. ఆవిడ సంచీ పట్టుకుని ఏడో మనిషిగా నేను. ముందు సీటు నాది. వెనక కూర్చుంటే నాకు తల తిరుగుతుంది, ముందు కూర్చుంటే వాడికి తిరుగుతుంది. పెద్దదాన్ని కదా, ఎవరికి తిరగాలో నేనే ఎంచుకున్నాను.

ఇక ఆ బండికి డీజిలు చూపించే ముల్లు ఒకటుంది. అది మా వాడికి తగిన ముల్లు. ఎంత కలిగినా లేదులేదని ఏడ్చేవాళ్ళుంటారే, ఆ జాతి. ట్యాంకు నిండుగా ఉంటే ముప్పావు అనేది, సగం ఉంటే పావు అనేది, పావు ఉందంటే ఎర్రగీత మీద పడి పొర్లేది. మా వాడు దాన్ని బాగుచేయించకుండా దాని భాష నేర్చుకున్నాడు. ముల్లు ఎంత చూపిస్తే దానికి పావు కలుపుకోవాలి, అంతే. "ముల్లు చెప్పిందని బంకుకి పరిగెత్తేవాడు డ్రైవరా వదినా? స్టీరింగు బరువుని బట్టే నాకు తెలిసిపోతుంది" అనేవాడు. స్టీరింగుకీ డీజిలుకీ ఏం సంబంధమో నాకు తెలీదు. వాడికీ తెలీదు. డీజిలు తక్కువైతే వెలిగే ఎర్రదీపం కూడా ఒకటుంది. ముల్లు ఏడుపుగొట్టుది కాబట్టి దీపం సగం రోజులు వెలుగుతూనే ఉండేది. అది కళ్ళలో పొడుస్తోందని ఆసుపత్రిలో గాయాలకి వేసే తెల్ల ప్లాస్టరు ముక్క దానిమీద అంటించాడు. దీపానికి కట్టు కట్టిన డ్రైవరు ప్రపంచంలో వీడొక్కడే అయుండాలి.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఈ ఏడు ఆ ముల్లుకి కొత్త రోగం వచ్చింది. కదలడం మానేసింది. సగం దగ్గర ఆగి, ట్యాంకులో చుక్క లేకపోయినా సగం అంటూనే ఉంది. మా వాడు దానికి అలవాటు ప్రకారం పావు కలుపుకుని ముప్పావు ఉందనుకుని నడిపాడు. ఒకసారి నాలుగు రోడ్ల కూడలిలో ఆగిపోయింది. పదిహేను రోజులు తిరక్కుండా రెండోసారి, బడి ముందు.

ఆసుపత్రి బళ్ళన్నిటికీ పైన ఒక ఆఫీసరమ్మ ఉంది. సన్నగా, తెల్లగా, గీసిన పెన్సిల్లా ఉంటుంది. ఆవిడ మా వాణ్ణి పిలిచి నిలబెట్టి చెప్పింది: "మెషిను దగ్గర ఒక మనిషి ఆలస్యమైతే వెనక ముగ్గురికి ఆలస్యం. సెన్సార్ మార్పించు. మెకానిక్ చేత సంతకం పెట్టించి కాగితం తీసుకురా. మూడోసారి ఈ బండి రోడ్డు మీద ఆగిందో, పేషెంట్ల బండి నీ చేతిలో ఉండదు."

వాడు ఇంటికి వచ్చి ఏం చెప్పాడో తెలుసా? "ఆఫీసరమ్మా నేనూ బండి గురించి చర్చించుకున్నాం" అన్నాడు.

మా తోటికోడలు గిన్నె తోముతున్నది తోముతూనే, వెనక్కి తిరక్కుండా, "తీసేస్తానందా?" అంది. ముప్పయ్యేళ్ళ కాపురం. ఎంత తీసెయ్యాలో ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

వాడు చెప్పులు విడుస్తూ, "మూడోసారి అయితేనట" అన్నాడు. ఆ బండి లేకపోతే వాడు ఏమైపోతాడో ఆ క్షణంలో నాకు కనిపించింది. వాడికి వేరే ఊసు లేదు, వేరే స్నేహితులు లేరు. ఆ ఆరుగురే. ఎవరి కొడుకు ఉత్తరం రాశాడు, ఎవరికి రాత్రి ఆయాసం వచ్చింది, ఎవరికి మంచినీళ్ళు ఎన్ని గుక్కలు మించకూడదు, అన్నీ వాడి నోట్లోనే ఉంటాయి. జాలేసింది. పైకి మాత్రం, "మంచిదే, ఆ ముల్లు పీడ వదుల్తుంది" అన్నాను. జాలిపడితే నెత్తికెక్కుతాడు.

మర్నాడు మెకానిక్ షెడ్డుకి నేనూ వెళ్ళాను. కాగితం మీద సంతకం పెట్టించకుండానే "పెట్టేశాడు" అంటాడని నా భయం. ఆ మెకానిక్‌ని అందరూ మూగాయన అంటారు. మూగవాడేం కాదు, మాట ఊరికే ఖర్చు పెట్టడు. పని మాత్రం కళ్ళకద్దుకునేలా చేస్తాడు. బండిని చదునైన గచ్చు మీద నిలబెట్టి, బ్యాటరీ తీగ ఊడదీశాడు. వెనక సీటు మడిచి కింద రబ్బరు చాప ఎత్తాడు. చాప కింద నాలుగు మాత్రలు, ఒక బొత్తాం, పోయిందని మా ఆడపడుచు పక్కింటివాళ్ళతో మాటలు మానేసిన దువ్వెన బయటపడ్డాయి. ఆ కింద నాలుగు స్క్రూలతో ఒక రేకుమూత. అది విప్పి, ట్యాంకు మీద దుమ్మంతా కుంచెతో తుడిచాకే అసలు పనిలో చెయ్యి పెట్టాడు. లోపల రేణువు పడితే ఇంజను దాకా పోతుందట. తర్వాత పెద్ద ప్లాస్టిక్ రింగుకి చెక్కముక్క ఆనించి, చెక్కసుత్తితోనే మెల్లిగా తట్టి తిప్పాడు. ఇనుము తగిలిస్తే నిప్పురవ్వ రాలుతుందని.

ఇంత జరుగుతుంటే మా వాడు ఊరుకున్నాడా? "అటు కాదు, ఇటు తిప్పు", "పైకి లాగు, లాగు", "నేనైతే ఇంకోలా చేసేవాణ్ణి" అంటూనే ఉన్నాడు. మూగాయన ఒక్కసారి తలెత్తి, "ఆ లైటు పట్టుకో" అన్నాడు. లైటు చేతికి వచ్చాక నోరు తగ్గింది.

బయటికి వచ్చింది చూస్తే ఇంతేనా అనిపించింది. మేడమీద నీళ్ళ ట్యాంకులో ఒక బంతి తేలుతూ ఉంటుంది కదా, అదే తంతు. సన్నటి కడ్డీ, కడ్డీ చివర బొటనవేలంత డొల్ల. డీజిలు ఎంత ఎత్తున ఉంటే డొల్ల అంత ఎత్తున తేలుతుంది, కడ్డీ లేస్తుంది, ఆ లేచిన సంగతి తీగ ముల్లుకి చేరేస్తుంది. మూగాయన డొల్లని మా వాడి చెవి దగ్గర ఊపాడు. లోపల గలగలమంది.

"చిల్లు పడింది. డీజిలు తాగింది. బరువెక్కి మునిగింది. అందుకే తక్కువ చూపించింది" అన్నాడు. ఆరోజుకి అది పెద్ద ఉపన్యాసం. కడ్డీ మొదట్లో అరిగిపోయిన నల్ల పట్టీ చూపించి, "ఇక్కడ ఇరుక్కుంది. అందుకే కదల్లేదు" అన్నాడు.

కొత్తది అట్టపెట్టెలోంచి తీశాడు. మా వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గొంతు తగ్గించి, "ఈ కడ్డీని కొంచెం వంచు" అన్నాడు.

"ఎందుకు?"

"పాతది చూపించినట్టే ఓ పావు తక్కువ చూపించాలి. నాకు అదే అలవాటు. ఇప్పుడు ఇది సరిగ్గా చూపిస్తే నా లెక్కంతా తారుమారవుతుంది."

మూగాయన పనిముట్టు కింద పెట్టాడు. నావైపు తిరిగాడు. "మీవాడేనా అమ్మా?"

"మా అత్తగారి చిన్నకొడుకు. నా పూచీ ఏం లేదు నాయనా" అన్నాను.

"కొత్త కళ్ళజోడు కొనుక్కుని, పాతదాన్లో కనిపించినట్టే మసగ్గా ఉండాలంటావా?" అని వాణ్ణడిగి, జవాబు కోసం ఆగకుండా కొత్త రబ్బరు చుట్టు వేసి, ఆ కడ్డీని వంకర పోకుండా పక్కవాటుగా దింపి, రింగు బిగించాడు. తీగలు కలిపాడు. తాళం తిప్పమన్నాడు. ముల్లు నిద్రలేచినట్టు లేచి ముప్పావు దగ్గర నిలబడింది. ట్యాంకులో ఉన్నదీ సరిగ్గా ముప్పావే. బండిని ఒకసారి ఆ వీధి చివరిదాకా పరుగెత్తించి, తిరిగొచ్చి ట్యాంకు మూత చుట్టూ వేలు పెట్టి రాసి చూశాడు. తడి లేదు. అప్పుడు కాగితం మీద సంతకం పెట్టాడు.

"దీపం మీద ఆ ప్లాస్టరు తీసెయ్" అన్నాడు వెళ్తుంటే.

"తీస్తా, అయిదు నిమిషాల్లో" అన్నాడు మా వాడు.

వారం రోజులు ఏ గొడవా లేదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఎవరైనా మంచి డ్రైవరే. తొమ్మిదో రోజు పొద్దున ఆరుగురినీ ఎక్కించుకుని బయల్దేరాం. ముందు సీట్లో నేను. చూద్దును కదా, ముల్లు ఎర్రగీత మీద వాలి ఉంది.

"ఏమయ్యా, ముల్లు పడుకుంది."

"పడుకోనీ వదినా. ఇంకా పావు ట్యాంకుంది."

"ఆ పావు పాత ముల్లుది కదా?"

"ముల్లు మారింది గానీ బండి మారలేదు కదా! పంతొమ్మిదేళ్ళుగా ఈ ట్యాంకు నాకు తెలుసు."

"ఆ మూగాయన ఏం చెప్పాడు, ఇది సరిగ్గా చూపిస్తుందని కాదూ?"

"అతను మెకానిక్కు. నేను డ్రైవర్ని."

అదిగో కుడిచేతివైపు బంకు వచ్చింది. పచ్చ చొక్కా కుర్రాడు గొట్టం పట్టుకుని ఖాళీగా నిలబడి మావైపే చూస్తున్నాడు. బంకు పోయింది. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని నేను. నాకే అర్థమైన ముక్క వాడి బుర్రకి ఎక్కలేదంటే చదువుది తప్పు కాదు. ఇక ఉండబట్టలేక చెయ్యి చాపి, ఆ తెల్ల ప్లాస్టరు కొస పట్టుకుని చర్రున లాగేశాను. కింద దీపం ఎర్రగా వెలుగుతోంది. ఎప్పట్నుంచి వెలుగుతోందో.

వెనక సీట్లో లెక్కల మేష్టారు ఉంటారు, రిటైరై పదేళ్ళయింది. మెడ సాచి, "ఏమిటమ్మా అది ఎర్రగా?" అన్నారు.

"సిగ్గు మేష్టారూ. మావాడికి రాదని బండికి వచ్చింది" అన్నాను.

బండంతా నవ్వింది. మా వాడు నవ్వలేదు. ముల్లునీ దీపాన్నీ మార్చి మార్చి చూశాడు. వాడి మొహంలో పావు ట్యాంకు కరిగిపోవడం నేను కళ్ళారా చూశాను. అప్పటికైనా వెనక్కి తిప్పొచ్చు. తిప్పితే వదిన గెలిచినట్టు. "ఎంత దూరం, వంతెన దిగితే ఆసుపత్రే" అన్నాడు. వంతెన దిగాలంటే ముందు ఎక్కాలి కదా. సగం ఎక్కాక బండి రెండుసార్లు దగ్గింది. మూడోసారి దగ్గడానికి కూడా ఓపిక లేక ఆగిపోయింది.

స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుండిపోయాడు. మూడోసారి అని బండిలో అందరికీ తెలుసు.

ఆ తర్వాత వాడు చేసిన పని కూడా చెప్పకపోతే నా నాలుకకి పుణ్యం ఉండదు. గబుక్కున దిగి రోడ్డు మధ్యకి పోయి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. మొదట ఆగింది రంగుల డబ్బాలు వేసుకెళ్తున్న కారు. రెండోది కొత్తగా నడపడం నేర్చుకుంటున్న ఒకావిడది, ఆవిడ ఆగింది భయంతో. మూడోది ఎవరిదో పెద్దమనిషిది. ముగ్గురినీ బతిమాలుకుని ఇద్దరిద్దర్ని ఎక్కించాడు. సూదులు గుచ్చే నరం ఒక్కొక్కరికి ఒక్కో చేతిలో ఉంటుంది, ఆ చెయ్యి పట్టి లాగకూడదు. "మేష్టారికి ఎడంచెయ్యి ముట్టుకోకండి. ఈవిడకి కుడిది. ఈయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టండి, కాళ్ళు మడవలేడు" అని కాగితం చూడకుండా ఆ కొత్తవాళ్ళకి అప్పజెప్పాడు. అక్కనీ, సంచీతో నన్నూ ఆఖరి కారులో ఆఖర్న ఎక్కించాడు.

"సొంత అక్కని, నన్నా ఆఖర్న పెట్టేది?" అంది మా ఆడపడుచు.

"అక్కవి కాబట్టే. నువ్వు తిడితే నాకు అలవాటే" అన్నాడు.

నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాం. వాడు డబ్బా పట్టుకుని నడుచుకుంటూ బంకుకి వెళ్ళి, డీజిలు తెచ్చి పోసి, గొట్టాల్లో పట్టిన గాలి పంపుతో కొట్టి బయటికి పంపి, బండి తెచ్చేసరికి పదకొండయింది. వచ్చీరాగానే ఆఫీసరమ్మ గదికి పిలుపు. బండిలో ఉన్నదాన్ని కాబట్టి నన్ను కూడా రమ్మన్నారు. గది బయట ఉండగా మా తోటికోడలు వాడికి ఫోను చేసింది. ఆవిడ ఫోనులో మాట్లాడితే ఫోను అక్కర్లేదు, ఇంటినుంచే వినిపిస్తుంది. "కొత్త సెన్సార్ కూడా పాడైందని చెప్పండి! ముల్లు సగం చూపించిందని చెప్పండి! అక్కయ్యని కూడా అదే చెప్పమనండి!"

చెప్పొచ్చు. అలా చెప్తే ఉద్యోగం ఉంటుంది. మూగాయన పేరు పోతుంది, అంతే. ముల్లు వచ్చి సాక్ష్యం చెప్పదు కదా.

ఆఫీసరమ్మ మెకానిక్ సంతకం పెట్టిన కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. "ముల్లు ఎంత చూపించింది?"

వాడు గోడమీద క్యాలెండరు చూశాడు, నన్ను చూశాడు. "ఎర్రగీత అమ్మా" అన్నాడు.

"మరి?"

"సరిగ్గానే చూపించింది. దీపం కూడా వెలిగింది. నేనే పావు కలుపుకున్నాను."

జన్మలో మొదటిసారి, తీసెయ్యడానికీ కలపడానికీ ఏమీ లేని మాట వాడి నోట్లోంచి వచ్చింది. ఆఫీసరమ్మ దాన్ని నమ్మలేదు.

"ఆ మెకానిక్ నీకు స్నేహితుడా?" అంది. "అతన్ని కాపాడుతున్నావు. పంతొమ్మిదేళ్ళ డ్రైవరు ఎర్రగీత చూసి, దీపం చూసి, బంకు దాటిపోతాడా? ఎవరికి చెప్తావు ఈ కథ?"

"దాటిపోయాడమ్మా. నేను పక్కనే ఉన్నాను" అన్నాను నేను.

"మీరు బంధువులు."

"బంధువుల్ని కాబట్టే చెప్తున్నాను. పరాయిదాన్నయితే పాపం పోనీ అని దాచేదాన్ని."

ఆవిడ వినలేదు. మూగాయన్ని పిలిపించింది. మధ్యాహ్నం ఆసుపత్రి పెరట్లో పంచాయితీ పెట్టారు. డ్రైవరు సీట్లో ఆఫీసరమ్మ స్వయంగా కూర్చుంది. మూగాయన ట్యాంకు ఖాళీ చేసి, అయిదు లీటర్ల డబ్బాతో కొలిచి పోశాడు. రెండు డబ్బాలు పోశాక ఆగి, ముల్లు నిలదొక్కుకునేదాకా ఉండి, "ఎంత?" అన్నాడు. ఆవిడ చెప్పింది. మళ్ళీ రెండు. "ఎంత?" పోసినప్పుడల్లా ముల్లు పోసినంతే లేచింది, ఒక్క వెంట్రుక అటూ ఇటూ పోలేదు. ఆరు డబ్బాలకి సరిగ్గా సగం దగ్గర నిలబడింది.

ఆఫీసరమ్మ కిందకి దిగింది. "అయితే నువ్వు చెప్పింది..."

"నిజమేనమ్మా!" అన్నాడు మా వాడు ఛాతీ విరుచుకుని. కోర్టులో గెలిచినవాడిలా నలుగురి వైపూ చూశాడు. తన మెడకి తాడు సరిగ్గా సరిపోయిందని మురిసిపోయిన మనిషిని నేను వాణ్ణే చూశాను. అర్థం కావడానికి వాడికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక తాళంచెవి జేబులోంచి తీసి, అడక్కముందే ఆవిడ చేతిలో పెట్టాడు.

మూగాయన డబ్బాలు సర్దుకుంటూ వాడి దగ్గర ఆగాడు. "నా పేరు నిలబెట్టావు" అన్నాడు. వాడు తల ఊపాడు. ఇంకేం చెప్తే ఏడుపొచ్చేదో మరి.

ఉద్యోగం పూర్తిగా తియ్యలేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోటుకి మోసుకెళ్ళి తెచ్చే బండి ఇచ్చారు. దుప్పట్లకి ఆలస్యమైతే ప్రాణం మీదకి రాదు. ఇంటికొచ్చి, "ఇదివరకు ఆరుగురు. ఇప్పుడు ఎనిమిది వందల దుప్పట్లు. ఒకరకంగా ప్రమోషనే" అన్నాడు. ఎంత తీసెయ్యాలో ఇంట్లో అందరికీ తెలుసు. దుప్పట్ల బండి ఎనిమిదింటికి. వాడు మాత్రం రోజూలాగే అయిదింటికే లేచి, చొక్కా వేసుకుని, పెరటి మెట్లమీద కూర్చున్నాడు.

పేషెంట్ల బండికి కొత్త డ్రైవరు వచ్చాడు. కుర్రాడు, మంచివాడు, గడియారం పెట్టుకుంటాడు. మొదటిరోజు ఏమైందో నేను రాయకపోయినా మా ఆడపడుచు ఊరంతా చెప్తుంది కాబట్టి నేనే రాస్తున్నాను. బండి మా గుమ్మానికి ఆరున్నరకి రావాలని కాగితం మీద ఉంటుంది. ఆ కుర్రాడు ఆరున్నరకి వచ్చాడు. హారను కొట్టాడు. లోపల మా ఆడపడుచు తల దువ్వుకుంటోంది, నేను టీ వడగడుతున్నాను. ఎవరి కోసమో అనుకున్నాం. ఆరున్నర బండి అంటే ఏడింటికి కదా! రూలు ప్రకారం అయిదు నిమిషాలు చూసి వెళ్ళిపోయాడు. మేష్టారి ఇంటి దగ్గరా అంతే, ఆయన సబ్బు నురగతో ఉన్నారట. ఆరిళ్ళ ముందూ ఆగి, ఆరిళ్ళ ముందూ హారను కొట్టి, ఆ కుర్రాడు ఖాళీ బండిని టైముకి ఆసుపత్రికి చేర్చాడు. ఆఫీసరమ్మ కూడా ఏళ్ళ తరబడి ఏడింటి బండికి ఆరున్నర అని రాస్తూ వచ్చింది, డ్రైవరు మారినా కాగితం మార్చలేదు. ముల్లుని నమ్మలేదని వాణ్ణి అన్నన్ని మాటలన్నదాన్ని, ఏడింటికి సంచీ పట్టుకుని వీధిలో దిక్కులు చూస్తూ నిలబడ్డాను.

వాడు పెరటి మెట్లమీంచి లేచి వచ్చాడు. నన్నో మాట అంటే బాగుండేది. దుప్పట్ల బండి తీసుకొచ్చి వెనక తలుపు తెరిచాడు. ఉతికిన దుప్పట్ల మూటల మీద మేష్టారూ, మా ఆడపడుచూ, మిగతా నలుగురూ ఇంటికొకరు చొప్పున ఎక్కి మహారాజుల్లా కూర్చున్నారు. ఎవరి చెయ్యి ఎటు పట్టాలో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆసుపత్రి గుమ్మంలో ఆఫీసరమ్మ ఖాళీ బండి పక్కన నిలబడి ఉంది. మేష్టారు మూటమీంచి దిగుతూ, "పాత సీట్లకంటే ఇవే మెత్తగా ఉన్నాయమ్మా" అన్నారు.

ఆవిడ ఒక పూట ఆలోచించుకుంది. సాయంత్రం వాణ్ణి పిలిచి, "రేపట్నుంచి పాత బండి తీసుకో" అంది. వెంటనే కాళ్ళమీద పడతాడనుకున్నాను. "దుప్పట్ల పని మధ్యలో ఉందమ్మా, చూద్దాం" అన్నాడట! ఆవిడ రెండోసారి అడిగాక గానీ తాళంచెవి అందుకోలేదు. ఆవిడేం తక్కువ తిందా, అది చేతిలో పెడుతూ ఒక షరతు పెట్టింది: బండి ఎప్పుడు బంకుకి తిరగాలో ముందు సీట్లో కూర్చునే ఆవిడ చెప్పాలి, డ్రైవరు ఎదురు చెప్పకూడదు. అలా పంతొమ్మిదేళ్ళ డ్రైవరు మీద మూడో తరగతి వదిన అధికారి అయింది.

మొదటిరోజే ముల్లు సగం దగ్గరికి రాగానే, "తిప్పు" అన్నాను.

"వదినా, ఇంకా సగం ట్యాంకుంది. నిజం సగం!"

"ఉంటే ఉండనీ. తిప్పు."

పళ్ళు కొరుక్కున్నాడు. వెనక ఆరుగురూ వింటున్నారు. ఇండికేటరు వేసి, బంకులోకి తిప్పాడు.